ఆ తెర ముందు ఇంకెవరు కూర్చున్నారు?



జర్నలిజం చదువు పూర్తిచేసి న్యూస్ చానల్లో చేరావనీ, ముందు డెస్క్‌లో వేశారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బాంబు పేలిన రోజున, కాల్పులు సాగుతున్న రోజున విలేకరి ఏం చెప్పాలి, ఏం ఆపుకోవాలి అని మొన్న నువ్వడిగావు. ఫోన్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. సూత్రాలు నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ సూత్రాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే జరిగిన సంగతులు తెలియాలి.

ముంబయితో మొదలుపెడదాం. 2008 నవంబరు 26 రాత్రి పది మంది సాయుధులు సముద్రం మీదుగా వచ్చి నగరంలో దిగారు. రైల్వే స్టేషన్, కేఫ్, ఆస్పత్రి, రెండు పెద్ద హోటళ్లు, యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్. 29 ఉదయం దాకా సాగిన ఆ మారణకాండలో 166 మంది చనిపోయారు. అన్నాళ్లూ దేశమంతా టీవీలకు అతుక్కుపోయి ఉంది. పాకిస్తాన్‌లో ఒకచోట కూర్చుని ఈ దాడిని నడిపిస్తున్నవాళ్లు కూడా అవే చానళ్లు చూస్తున్నారు. చూస్తూ, ఇక్కడున్న తమ మనుషులకు ఫోన్లో సూచనలిస్తున్నారు. మన అధికారులు ఆ సంభాషణలను రికార్డు చేశారు. ఆ తర్వాత అవి కోర్టులో సాక్ష్యమయ్యాయి.

వాటిని చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మీరు చేసిన పనిని మీడియా అమెరికాలో జరిగిన సెప్టెంబరు 11 దాడితో పోలుస్తోంది, ఒక పెద్ద పోలీసు అధికారి చనిపోయాడు అని అవతలి గొంతు ఇవతలివాడికి చెబుతుంది. దాని ఉద్దేశం అతనికి ఉత్సాహం ఎక్కించడం. ‘ఇది మన సెప్టెంబరు 11’ అన్న మాటను స్టూడియోలో అన్నవాళ్లు ఆవేదనతోనే అని ఉంటారు. ఆ మాట సరిహద్దు దాటి, ఫోన్లోంచి తిరిగొచ్చి, తుపాకీ పట్టుకున్నవాడి చెవిలో మెచ్చుకోలుగా పడింది.

28వ తేదీ ఉదయం నారిమన్ హౌస్ పైకి హెలికాప్టర్ వచ్చింది. ఎన్‌ఎస్‌జీ కమాండోలు తాళ్లు పట్టుకుని డాబా మీదికి దిగారు. ఎటు నుంచి వచ్చారో, ఎక్కడ దిగారో అంతా లైవ్‌లో కనిపించింది. లోపల బందీలున్నారు, వారిని పట్టుకున్నవాళ్ల చేతిలో ఫోన్ ఉంది, ఆ ఫోన్ అవతల టీవీ చూస్తున్న మనిషి ఉన్నాడు.

2012 ఆగస్టు 29న, ఆ పది మంది సాయుధుల్లో ఒకడైన కసబ్ అప్పీలుపై తీర్పు ఇస్తూ జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ సి.కె.ప్రసాద్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ ప్రసారాల గురించి విడిగా రాసింది. చాలా జాగ్రత్తగా రాసింది. ఫలానా జవాను టీవీ వల్లే చనిపోయాడని తేల్చడం సాధ్యం కాదంటూనే, ఆ ప్రసారాలు భద్రతా దళాల పనిని మరింత కష్టంగా, ప్రమాదకరంగా మార్చాయనడంలో సందేహం లేదంది. వాక్‌స్వాతంత్ర్యం పేరుతో దాన్ని సమర్థించుకోవడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు చాలా పెద్దది. నువ్వు కనీసం మీడియా పాత్రపై రాసిన భాగమైనా చదువు. మన వృత్తి మీద ఈ దేశంలో అంత సూటిగా వచ్చిన మాటలు చాలా తక్కువ.

అదే రాత్రి, అదే నగరంలో జర్నలిజం తల ఎత్తుకునే పని కూడా జరిగింది. ‘ముంబయి మిర్రర్’ ఫొటో ఎడిటర్ సెబాస్టియన్ డిసౌజా కాల్పుల శబ్దం విని ఆఫీసు ఎదురుగా ఉన్న సీఎస్‌టీ స్టేషన్‌లోకి కెమెరాతో పరుగెత్తాడు. ఆగి ఉన్న రైలు పెట్టెల చాటున ఉండి ఫొటోలు తీశాడు. భుజాన సంచి, చేతిలో తుపాకీతో నడుస్తున్న కసబ్ ఫొటో అలా వచ్చిందే. ఆ తర్వాత ఆయన కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పాడు. ఆయన తీసిన చిత్రాలు ఆ రాత్రి హంతకుడికి ఏ రకంగానూ ఉపయోగపడలేదు. విచారణలో మాత్రం ఎంతో పనికొచ్చాయి. ఫుటేజీ చేతికి వచ్చిన ప్రతిసారీ ఇది ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది అని నిన్ను నువ్వు అడుగు. జవాబు దొరక్కపోతే ఎడిటర్‌ను అడుగు.

ఆ స్టేషన్ గురించి ఇంకో సంగతి ఉంది. దాడి జరిగిన చోట్లన్నిటిలోకీ ఎక్కువ మంది చనిపోయింది సీఎస్‌టీలోనే, 50 మందికి పైగా. మూటాముల్లెలతో రైలు కోసం ఎదురుచూస్తున్న మామూలు ప్రయాణికులు వాళ్లు. విష్ణు జెండే అనే అనౌన్సర్ తన గదిలోంచి కదలకుండా, అటు రావద్దు, వెనక వైపు నుంచి బయటికి వెళ్లిపొండి అని మైకులో పదేపదే చెప్పి ఎందరి ప్రాణాలో కాపాడాడు. కెమెరాలు మాత్రం తాజ్ హోటల్ గుమ్మటం మీది పొగ దగ్గరే నిలిచిపోయాయి. స్టేషన్‌లో దాడి తొందరగా ముగిసింది, హోటల్లో మూడు రోజులు సాగింది, నిజమే. కానీ ఆ తర్వాత వారాల తరబడి నడిచిన కథనాల్లోనూ రైలు ప్రయాణికులకు దక్కిన చోటు చాలా తక్కువ. అది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను. చనిపోయినవారి జేబును బట్టి వార్త కొలత మారకూడదు.

ఇదంతా అప్పటికి కొత్త పాఠం కూడా కాదు. 1972 సెప్టెంబరు 5న మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఎనిమిది మంది పాలస్తీనా సాయుధులు ఇజ్రాయెల్ క్రీడాకారుల బసలోకి చొరబడ్డారు. జర్మన్ పోలీసులు ట్రాక్‌సూట్లు వేసుకుని, తుపాకులతో ఆ భవనం పైకప్పు ఎక్కడం టీవీల్లో లైవ్‌గా వచ్చింది. క్రీడాకారుల గదుల్లోనూ టీవీలున్నాయి. పోలీసులు ఆ ప్రయత్నం మానుకుని దిగిపోవలసి వచ్చింది. ఆ రాత్రి బందీలంతా క్షేమం అనే వార్త ప్రపంచమంతా పాకింది. కొన్ని గంటల తర్వాత తెలిసిన నిజం వేరు. ఇజ్రాయెల్ బృందంలో 11 మంది చనిపోయారు. ముందు వార్త విని ఊపిరి పీల్చుకున్న తల్లులు, భార్యలు రెండో వార్త ఎలా విని ఉంటారో ఒక్కసారి ఊహించు.

2015 జనవరి 9న పారిస్‌లో ఒక సూపర్ మార్కెట్‌ను ఉగ్రవాది ఆక్రమించినప్పుడు కొందరు కింది అంతస్తులోని శీతల గదిలో దాక్కున్నారు. అక్కడ ఒక మనిషి దాగి ఉన్న సంగతిని ఓ టీవీ చానల్ లైవ్‌లో చెప్పేసింది. అదృష్టవశాత్తు వారు బతికి బయటపడ్డారు. బయటికొచ్చాక వారిలో కొందరు ఆ చానల్‌పై కేసు పెట్టారు.

మన ప్రభుత్వం 2015లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించింది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ ముగిసేదాకా లైవ్ ఇవ్వకూడదు, ప్రభుత్వం నియమించిన అధికారి అప్పుడప్పుడూ ఇచ్చే వివరాలకే పరిమితం కావాలి. ఈ నిబంధన మంచిదే. అయితే దీనితోనే పని అయిపోదు. అధికారి సమయానికి వచ్చి మాట్లాడకపోతే ఆ ఖాళీని వదంతులు నింపుతాయి. ముంబయిలోనే 28న సీఎస్‌టీలో మళ్లీ కాల్పులంటూ చానళ్లలో వచ్చిన వార్త ఉత్త వదంతి. హద్దు గీసే అధికారం ఒక్క ప్రభుత్వం చేతిలోనే ఉంటే ఇంకో చిక్కు. 2016లో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై జరిగిన దాడి ప్రసారాల విషయంలో ఎన్డీటీవీ ఇండియాను ఒకరోజు ఆపేయాలని కేంద్రం ఆదేశించింది. మేం చెప్పినవన్నీ అప్పటికే ఇతర చానళ్లలో, పత్రికల్లో వచ్చాయి కదా అని ఆ సంస్థ వాదించింది. పత్రికా లోకం నుంచి నిరసన వచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి ఆ ఆదేశం అమలు కాకుండానే ఆగిపోయింది.

నోరు నొక్కడం ఎంత దూరం పోతుందో బ్రిటన్ చూపించింది. ప్రచారమే ఉగ్రవాదికి ప్రాణవాయువు అని మార్గరెట్ థాచర్ 1985లో చెప్పిన మాట నీకు పాఠ్యపుస్తకంలో తగిలే ఉంటుంది. 1988లో ఆమె ప్రభుత్వం ఉత్తర ఐర్లాండ్‌లోని కొన్ని సంస్థల ప్రతినిధుల గొంతు రేడియోలో, టీవీలో వినిపించకూడదని నిషేధించింది. వాటిలో ఎన్నికల్లో పోటీచేసే సిన్ ఫెయిన్ పార్టీ కూడా ఉంది. చానళ్లు ఆ నాయకుల బొమ్మ చూపిస్తూ నటులతో మాటలు చెప్పించాయి. 1994లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ప్రాణం మీదికి వచ్చే సమాచారాన్ని కాసేపు ఆపడం వేరు, జనం తెలుసుకోవలసిన వాదనను ఏళ్ల తరబడి ఆపడం వేరు. మొదటిదాన్ని విలేకరి తనంతట తానే చెయ్యాలి, రెండోదాన్ని ఎదిరించాలి.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2007 మే 18, శుక్రవారం. మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత చెలరేగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. ఆ ఏడాదే ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగాయి. 40 మందికి పైగా చనిపోయారు. నగరం వణికిపోయింది. పాతబస్తీలో పదుల సంఖ్యలో యువకులను పట్టుకుపోయారు. పోలీసు ‘వర్గాలు’ చెప్పిన కథనాలు పేర్లతో, కొన్నిచోట్ల ఫొటోలతో సహా వచ్చేశాయి. ‘ఆరోపణ’ అన్న మాట చాలా శీర్షికల్లోంచి జారిపోయింది. కస్టడీలో తమను హింసించారని వాళ్లు చెప్పారు. తర్వాత కోర్టులు వారిని విడుదల చేశాయి. మక్కా మసీదు కేసు సీబీఐకి, అక్కడి నుంచి 2011లో ఎన్‌ఐఏకి వెళ్లింది. దర్యాప్తు పూర్తిగా వేరే దారి పట్టి, హిందూ అతివాద బృందానికి చెందినవారంటూ వేరే మనుషులపై అభియోగాలు మోపారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం వారిలో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

పదకొండేళ్లలో రెండు రకాల నిందితులు, రెండు రకాల కథలు. ప్రతి కథనూ అప్పటికప్పుడు నిజమని నమ్మి మోసిన చానళ్లు, పత్రికలు ఉన్నాయి. ఆ తీర్పు వచ్చేనాటికి తొమ్మిది కుటుంబాలకూ తమవాళ్లను చంపింది ఎవరో తెలియలేదు. విడుదలైన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. అరెస్టు వార్త మొదటి పేజీలో వేసిన పత్రిక, విడుదల వార్తను ఏ పేజీలో వేసిందో నువ్వు లైబ్రరీకి వెళ్లి పాత సంపుటాలు తిరగేసి చూడు. ఎవరు చెప్పారో పేరు లేకుండా ‘వర్గాల సమాచారం’ అని కాపీ రాసే ముందు, రేపు కోర్టు కాదంటే ఈ కుర్రాడికి పెళ్లి, ఉద్యోగం, అద్దె ఇల్లు ఎవరిస్తారు అని ఆలోచించు. అతనూ టీవీ చూస్తాడు. అతని చెల్లెలూ చూస్తుంది.

2025 మే నెల నీకూ గుర్తుంటుంది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. వారిలో మన విశాఖ, కావలికి చెందినవారూ ఉన్నారు. ఏప్రిల్ 26నే కేంద్ర సమాచార శాఖ కార్గిల్ యుద్ధం, కాందహార్ హైజాక్, ముంబయి దాడుల అనుభవాలను గుర్తుచేస్తూ సైనిక కదలికలను లైవ్‌లో చూపవద్దని సూచన పంపింది. అయినా పాకిస్తాన్‌తో ఘర్షణ ముదిరిన మే 8 రాత్రి కరాచీ రేవు ధ్వంసమైందని జాతీయ చానళ్లు కొన్ని ఊదరగొట్టాయి. తెల్లవారేసరికి కరాచీ రేవు ఉన్నచోటే ఉంది. ఆ రాత్రి సరిహద్దు ఊళ్లలో లైట్లార్పుకుని కూర్చున్నవారికి కావలసింది ఏ దారి సురక్షితం, ఆస్పత్రి ఎక్కడ తెరిచి ఉంది అన్న కబురు. అది ఇవ్వడమే ప్రజాభద్రతకు మనం చేయగల సాయం. సైరన్ మోతలు కలిపి విజయగాథలు వినిపిస్తే ఒక్క ప్రాణం కూడా నిలబడదు.

పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, ముస్లింల మీదో కశ్మీరీల మీదో పగ పెంచుకోవద్దని అంది. ఆమెను సోషల్ మీడియాలో ఎంత నీచంగా దూషించారంటే జాతీయ మహిళా కమిషన్ ఖండించవలసి వచ్చింది. శోకంలో ఉన్న మనిషి మూతి దగ్గర మైకు పెట్టేవాళ్లు ఆమె మాటకు తర్వాత ఏమవుతుందో కూడా పట్టించుకోవాలి.

న్యూజిలాండ్‌ను చూడు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఆ హత్యలను ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చాడు. మొదటి 24 గంటల్లో ఆ వీడియో ప్రతులు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. ప్రధాని జెసిండా ఆర్డెర్న్ అతని పేరు తాను ఉచ్చరించనని పార్లమెంటులో ప్రకటించారు. అక్కడి ప్రధాన వార్తా సంస్థలు విచారణను ఎలా రాయాలో కలిసి కూర్చుని మార్గదర్శకాలు రాసుకున్నాయి. అతని సిద్ధాంతాలకు వేదిక కాకుండా విచారణను నివేదించాలని ఒప్పుకున్నాయి. పోటీ చానళ్లు ఒక ఒప్పందానికి రాగలవని అక్కడ రుజువైంది. మన దగ్గర అది ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

నువ్వు డెస్క్‌లో ఉన్నావు గనుక ఒక పని అప్పగిస్తున్నాను. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. దోషులుగా తేలిన ఐదుగురికి 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ కోర్టు ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. కాళ్లూ చేతులూ పోగొట్టుకుని బతికినవారు ఇదే నగరంలో ఉన్నారు. ఫిబ్రవరి 21 వచ్చినప్పుడు మీ చానల్ పాత విజువల్స్ మళ్లీ వేసేలోపు, వారిలో ఒకరి ఇంటికి వెళ్లు. కెమెరా బయట పెట్టి వెళ్లు. ఇప్పుడు ఎలా ఉన్నారు, మందులకు ఎవరిస్తున్నారు, ఇస్తామన్న సాయం వచ్చిందా అని అడిగి రాసుకో. ఆ కాపీ ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న