పాత పిన్‌బాల్ పెట్టెకు మళ్లీ రంగు వేయాలా?

ప్రశ్న: షికాగో దగ్గర ఉంటున్నాం. 1967 నాటి గాట్లీబ్ పిన్‌బాల్ యంత్రం కొన్నాను. చెక్క పెట్టె మూలలు విచ్చుకున్నాయి, రంగు వెలిసింది. మొత్తం గీకి కొత్తగా వేయమంటారా?

జవాబు: తొందరపడకండి. మీ యంత్రం పుట్టిందీ షికాగోలోనే. పెట్టె మీది బొమ్మలు స్టెన్సిల్ పెట్టి కొట్టిన రంగులు; గీకేస్తే ఆనవాలు కూడా మిగలదు. సగానికి పైగా నిలిచి ఉంటే మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచి, ఊడినచోట మాత్రమే దిద్దండి. నా ఓటు దానికే. కొత్త రంగు తప్పదనుకుంటే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, బొమ్మల అంచులను ట్రేసింగ్ కాగితం మీదకి దించుకోండి.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. మీ పెట్టె అంతకు ముందుది. సీసం ఉందో లేదో పరీక్ష చేయకుండా గరుకు కాగితం పట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

ఇక మూలల సంగతి. ప్లగ్ తీసేసి, ఆట పలకనూ కాళ్లనూ విప్పండి. పొరలు విడిన ప్లైవుడ్‌లోకి చెక్క జిగురు ఎక్కించి, అటూ ఇటూ చెక్కముక్కలు ఆనించి, క్లాంపులతో రోజంతా బిగించి ఉంచండి. బరువంతా కాళ్ల బోల్టుల ద్వారా పడేది ఆ మూలల మీదే. యంత్రం వెనక నిలువుగా ఉండే బొమ్మల గాజును ముందే తీసి భద్రపరచండి. దాని వెనకవైపు రంగును తడిగుడ్డతో తాకితే పెచ్చులు లేస్తుంది.