సముద్రం దాటిన మాటలు

మనం "పాలు" అంటాం. కన్నడం వాళ్ళు "హాలు" అంటారు. మనం "పులి" అంటాం. వాళ్ళు "హులి" అంటారు. మన "పాము" వాళ్ళకు "హావు". మన "పువ్వు" వాళ్ళకు "హూవు".

చూశారా? మనం "ప" అన్న చోట వాళ్ళు "హ" అంటున్నారు. ఒక్క మాటలో కాదు, ఎన్నో మాటల్లో ఇదే వరస. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ఈ రెండు భాషలూ ఒక ఇంటివి. ఒకప్పుడు ఒకే తల్లి భాష ఉండేది. అందులోంచే ఇవి పుట్టాయి. ఇలాంటి భాషలన్నిటినీ కలిపి భాషా కుటుంబం అంటారు. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, గోండి ద్రావిడ కుటుంబం భాషలు.

ఇప్పుడు ఇంకో కుటుంబం సంగతి తెలుసుకుందాం. ఇది చాలా దూరం కథ.

నది ఒడ్డు జనం

మన దేశానికి ఆగ్నేయంగా, సముద్రం అవతల బోర్నియో అనే పెద్ద ద్వీపం ఉంది. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా దేశానిది. అక్కడ బరితో అనే పెద్ద నది పారుతుంది. ఆ నది తూర్పు వైపు ఊళ్ళలో మాన్యన్ అనే జనం ఉన్నారు. వారి భాష పేరు కూడా మాన్యన్. ఈ భాష మాట్లాడేవాళ్ళు సుమారు లక్షన్నర మంది అని ఒక లెక్క. వాళ్ళుండేది సముద్రం ఒడ్డున కాదు. లోపలి నేలలో, అడవుల పక్కన.

ఇక మన దేశానికి నైరుతి దిక్కుకు రండి. ఆఫ్రికా ఖండం పక్కన మడగాస్కర్ అనే ద్వీపం ఉంది. అక్కడి భాష పేరు మలగాసీ. దాన్ని రెండు కోట్లకు పైగా జనం మాట్లాడతారు.

బోర్నియోకూ మడగాస్కర్‌కూ మధ్య హిందూ మహాసముద్రం ఉంది. దూరం సుమారు 7,000 కిలోమీటర్లు. అయినా ఈ మాటలు చూడండి. ముందున్నది మాన్యన్ మాట. తర్వాతది మలగాసీ మాట.

మూడు: తెలో, తెలు
నాలుగు: ఎపత్, ఎఫత్ర
అయిదు: దిమె, దిమి
ఆరు: ఎనెమ్, ఎనిన
ఏడు: పితు, ఫితు
రాయి: వతు, వతు
చందమామ: వులన్, వులన

"ప" ఉన్న చోట మలగాసీలో "ఫ" వచ్చింది. మన పాలు, హాలు లాంటిదే ఇదీ. ఇంకొకటి గమనించండి. మలగాసీ మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే "వులన్" అక్కడ "వులన" అయింది. మనం "బస్" అనే మాటను "బస్సు" అని పలుకుతాం గదా, అలాగన్న మాట.

ఒక్క మాట చాలదు

మలగాసీలో వరిని ఏమంటారో తెలుసా? "వరి" అనే అంటారు! మరి మనకూ వాళ్ళకూ చుట్టరికం ఉన్నట్టేనా?

లేదు. ఒక్క మాట కలిస్తే చాలదు. ఒక మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి అరువు పోవచ్చు. ఊరికే కలిసిపోవచ్చు కూడా. బస్సు, రైలు ఇంగ్లీషు మాటలు. అవి వాడినంత మాత్రాన తెలుగు ఇంగ్లీషుకు చెల్లెలు కాదు. అంకెలు, ఒంటి భాగాలు, రాయి, నీరు, చందమామ లాంటి ఇంటి మాటలు వరసగా కలవాలి. అక్షరాలు మారినా ఒక పద్ధతిలో మారాలి.

"అయిదు" అనే మాటనే చూడండి. ఇండోనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో చాలా భాషల్లో అయిదును "లిమ" అంటారు. మాన్యన్‌లో "దిమె". మలగాసీలో "దిమి". మిగతా వాళ్ళు "ల" అన్న చోట ఈ రెండు భాషలూ "ద" అంటున్నాయి. ఈ గుర్తు దగ్గరి చుట్టరికాన్ని చెబుతుంది.

ఒట్టో క్రిస్టియన్ దాల్ అనే నార్వే దేశస్థుడు మడగాస్కర్‌లో పనిచేశాడు. ఆయన ఈ రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. 1951లో ఒక పుస్తకం అచ్చువేశాడు. మలగాసీకి బాగా దగ్గర భాష మాన్యన్ అని అందులో చూపించాడు.

అయితే మాన్యన్ లోంచి మలగాసీ పుట్టిందని అనుకోకూడదు. రెండూ అక్కచెల్లెళ్ళు. ఈ ఇంట్లో ఇంకా చాలామంది ఉన్నారు. ఈ కుటుంబం పేరు ఆస్ట్రోనేషియన్. ఇందులో 1,200కు పైగా భాషలున్నాయి. ఇవి సుమారు 5,000 ఏళ్ళ క్రితం తైవాన్ ద్వీపం నుంచి బయలుదేరాయని పండితుల అభిప్రాయం. పడవల మీద జనంతోపాటు ద్వీపం నుంచి ద్వీపానికి పోయాయి. ఇటు మడగాస్కర్, అటు హవాయి, న్యూజిలాండ్ దాకా పాకాయి.

ఎలా వెళ్ళారు?

ఇది జరిగి వెయ్యేళ్ళు దాటింది. ఆ ప్రయాణాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. మాటలే సాక్ష్యం చెబుతున్నాయి.

మలయ్ భాషలో "బరత్" అంటే పడమర. మలగాసీలో అదే మాట "అవరత్ర" అయింది. కాని దాని అర్థం ఉత్తరం. మలయ్ "తిముర్" అంటే తూర్పు. మలగాసీ "అత్సిము" అంటే దక్షిణం. ఎందుకిలా? పడవ నడిపేవాళ్ళు దిక్కుల్ని గాలుల్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు. కొత్త దేశంలో ఆ గాలి వేరే దిక్కు నుంచి వీచింది. పేరు అదే ఉండిపోయింది, దిక్కు మారింది. ఇవి మలయ్ మాటలు గనక, మలయ్ నావికుల ఓడల్లో వీళ్ళు వచ్చి ఉంటారని పండితులు అంటున్నారు.

2012లో శాస్త్రవేత్తలు మడగాస్కర్ వాళ్ళ జన్యువుల్ని పరిశీలించారు. మొదట అక్కడ స్థిరపడిన స్త్రీలు 30 మంది దాకా ఉంటారనీ, వారిలో ఎక్కువమంది ఇండోనేషియా వైపు వారనీ లెక్క తేల్చారు. తర్వాత ఆఫ్రికా వాళ్ళూ కలిశారు. నేటి మలగాసీ జనం ఇద్దరి వారసులూను. కాని భాష మాత్రం తూర్పు నుంచి వచ్చిందే నిలిచింది. గుప్పెడుమంది మాట్లాడిన భాష ఈనాడు ఒక దేశం భాష!

మన మాట సంగతి

మాన్యన్ పిల్లలు బడిలో ఇండోనేషియన్ భాషలో చదువుతారు. సంతలో బంజర్ భాష వినిపిస్తుంది. ఆ భాషలు నేర్వడం మంచిదే. బతుకుతెరువుకు కావాలి. కాని ఇంట్లో మాన్యన్ మానేస్తే ఏమవుతుంది? "దిమె" అనేవాళ్ళు ఉండరు. సముద్రం దాటిన జనం కథకు ఒక సాక్షి పోతుంది.

ఏ భాషా చిన్నది కాదు. మన ఇళ్ళలో ముసలివాళ్ళు అనే మాటల్ని "మోటు మాటలు" అని కొందరు నవ్వుతారు. అందులో ఏ పాత కథ దాగి ఉందో ఎవరికి తెలుసు? ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఆ మాటల్ని మీరే రాసి పెట్టవచ్చు.

కొత్త మాటలు

ద్వీపం: చుట్టూ నీళ్ళున్న నేల
నావికులు: ఓడ నడిపేవాళ్ళు
జన్యువులు: తల్లిదండ్రుల పోలికల్ని బిడ్డలకు అందించేవి

చెప్పండి

1. "వరి" అనే ఒక్క మాట కలిస్తే చుట్టరికం ఎందుకు తేలదు?
2. మాన్యన్, మలగాసీ దగ్గరి భాషలని "అయిదు" అనే మాట ఎలా చెబుతుంది?
3. మలగాసీలో దిక్కుల పేర్లు ఎందుకు మారాయి?

చేయండి

మీ ఇంట్లో అవ్వనో తాతనో అడగండి. సేద్యం పనిముట్లు, వంట పాత్రలు, గాలులు, వానల పేర్లు పది కనుక్కోండి. మీ నోటు పుస్తకంలో రాయండి. పక్క ఊరివాళ్ళు వాటిని ఏమంటారో దాని పక్కనే రాయండి. మన కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.