కాఫీ మెషీన్ కొనబోతున్న మా అమ్మలుకి

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన నాలుగు మెషీన్ల ఫొటోలూ చూశాను. ముప్ఫై డాలర్లది ఒకటి, మూడువందల యాభైది ఒకటి, మధ్యలో ఇంకో రెండు. "అన్నీ చుక్కలు చుక్కలుగా కాఫీ దించేవేగా పిన్నీ, ధరలో ఇంత తేడా ఎందుకు?" అని అడిగావు. చెప్తాను గానీ, అంతకన్నా ముందు తేలాల్సింది ఇంకోటుంది. మీ ఇంట్లో తాగేది ఏ కాఫీ?

అల్లుడు ఆఫీసు పుణ్యమా అని నల్ల కాఫీకి అలవాటు పడ్డాడు. నీకేమో చిక్కటి డికాషన్ పడాలి, పాలు పొంగాలి, పైన నురగ రావాలి. ఈ రెండూ ఒకే మెషీన్లోంచి రావు. అమెరికా డ్రిప్ మెషీన్ పుట్టిందే నల్ల కాఫీ కోసం. లీటరు నీళ్ళకి 55 నుంచి 60 గ్రాముల పొడి, అంటే పొడికి పదిహేడు, పద్ధెనిమిది రెట్లు నీళ్ళు. అలా దిగిన కాఫీలో కరిగిన సారం నూటికి ఒకటింబావు పాళ్ళు ఉంటే బాగా దిగినట్టు. తక్కిందంతా నీళ్ళే. దాన్ని పాలల్లో పోస్తే రంగు మారుతుంది, అంతే. మన స్టీలు ఫిల్టర్లో పొడికి ఐదారు రెట్లే నీళ్ళు పోస్తాం కాబట్టి ఆ డికాషన్ పాలను తట్టుకుని నిలబడుతుంది.

"నీళ్ళు తగ్గించి పొడి ఎక్కువ వేస్తే మెషీన్లోనే డికాషన్ రాదా?" అంటావు. కొంత వరకు వస్తుంది. లీటరుకి నూరు గ్రాముల దాకా వేసి తాగేవాళ్ళున్నారు. దానికి తగ్గ పాలు తక్కువ పోసుకుంటే నడుస్తుంది. కానీ నీ ఫిల్టర్ రుచి అది కాదు. అసలు చిక్కు పొడి దగ్గర. ఇండియన్ స్టోర్లో తెచ్చే పొట్లాల్లో చికోరీ కలిసినవే ఎక్కువ. మన దేశంలో చట్టం నూటికి 49 పాళ్ళ వరకు చికోరీ ఒప్పుకుంటుంది, పొట్లం మీద రాసి ఉంటుంది, చూడు. ఆ పొడి మెత్తగా కూడా ఉంటుంది. మెత్తటి పొడి, చికోరీ రెండూ కలిసి ఫిల్టర్ కాగితాన్ని పూడుస్తాయి. పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, కిందికి దిగవు. బుట్ట నిండి, అంచులు దాటి, గట్టంతా మడ్డి. కాబట్టి ఆ పొట్లం మెషీన్ దరిదాపుల్లోకి పోనియ్యకు. నీకు మీ అమ్మ సారెలో పెట్టిన ఫిల్టర్ ఉండనే ఉంది. మెషీన్ అల్లుడి కోసమూ, ఇంటికొచ్చే జనం కోసమూ అనుకుని కొనాలి. నల్ల కాఫీ తాగేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకపోతే నేనైతే అసలు కొనొద్దనేదాన్ని.

ఇక తేడా సంగతి. ఈ మెషీన్లు చాలావాటిలో పంపు ఉండదని తెలుసా? తొట్టిలో నీళ్ళు అడుగునున్న సన్నటి గొట్టంలోకి దిగుతాయి. గొట్టానికి ఆనుకుని హీటరు ఉంటుంది. లోపల నీరు మరిగి బుడగలు పుట్టి, ఆ బుడగలే నీటిని పైకి నెడతాయి. వెనక్కి పోకుండా చిన్న వాల్వు. గుడగుడమని వినిపించే చప్పుడు ఆ బుడగలదే. ముప్ఫై డాలర్లదీ, మూడువందల యాభై డాలర్లదీ చాలా మటుకు ఇదే సూత్రం మీద నడుస్తాయి. తేడా అంతా హీటరు బలంలో ఉంది.

కాఫీ పొడిని తాకేటప్పుడు నీరు దాదాపు 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మొత్తం నీళ్ళు నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల్లో దిగిపోవాలి. అంతకన్నా చల్లగా ఉంటే కాఫీ పుల్లగా, పలచగా వస్తుంది. ఎక్కువ సేపు నానితే చేదు దిగుతుంది. నువ్వు ఇంజినీరువి, లెక్క నువ్వే వేసుకో. "12 కప్పుల" మెషీన్ అంటే దాదాపు 1.8 లీటర్లు. ఆ నీటిని 20 డిగ్రీల నుంచి 93కి తేవాలంటే చవక మెషీన్లలో ఉండే 900 వాట్ల హీటరుకి, వేడి చుట్టుపక్కలకి ఏమాత్రం పోదనుకున్నా, పది నిమిషాలు పడుతుంది. 1500 వాట్లదానికి ఆరు నిమిషాలు చాలు. అంటే ఆ చవక మెషీన్ నిండా నీళ్ళు పోస్తే ఎనిమిది నిమిషాల్లో దించడం దాని తరం కాదు. దాని మీద ఎన్ని బొత్తాలున్నా, 'బోల్డ్' అని ఎంత పెద్దగా రాసున్నా సరే. అందుకని పెట్టె మీద బొమ్మలు వదిలేసి ముందు వాట్లు చూడు. 1400కి తక్కువైతే పక్కన పెట్టెయ్. ఇంకో గుర్తు కూడా ఉంది. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ అనే సంస్థ ఇంటి మెషీన్లని పరీక్షించి, వేడి, సమయం సరిగా వచ్చినవాటికి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్నవాటిలో ఎంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

నీ నాలుగింటి మాటకి ముందు వీటి పుట్టుక కాస్త చెప్తాను. కరెంటుతో కాఫీ చుక్కలు దించే మొదటి మెషీన్ 1954లో జర్మనీలో వచ్చింది, విగోమాట్ అని. కాగితం ఫిల్టర్ అంతకు చాలా ముందే, 1908లో, డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి కొడుకు పుస్తకంలోని అద్దుడు కాగితంతో మొదలుపెట్టింది. అమెరికా వంటిళ్ళలోకి ఈ మెషీన్ వచ్చింది మాత్రం 1972లో, ఒహాయోలోని క్లీవ్‌లాండ్ వాళ్ళు తెచ్చిన మిస్టర్ కాఫీతో. బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో టీవీలో దాన్ని పొగిడేవాడు. దానికి ముందు ఇళ్ళలో పెర్కొలేటర్ ఉండేది, మరిగిన కాఫీనే మళ్ళీ మళ్ళీ మరిగించే గిన్నె. దాని పక్కన చవక డ్రిప్ మెషీన్ కూడా అమృతంలా అనిపించి ఉంటుంది.

ఇక నీ నాలుగింటి మాట. మోకామాస్టర్ నెదర్లాండ్స్‌లో చేతుల మీద తయారయ్యేది, రాగి హీటరు, 1475 వాట్లు. లీటరుంబావు కాఫీ ఆరు నిమిషాల ప్రాంతంలో దించుతుంది. గడియారం లేదు, తెర లేదు, ఉన్నది స్విచ్చులే. అయిదేళ్ళ వారంటీ. పాడైన భాగం ఒక్కటే కొని మార్చుకోవచ్చు, ఈ దేశంలో అది చిన్న విషయం కాదు. ధర మాత్రం చేదే. బ్రెవిల్ ప్రెసిషన్‌లో వేడి డిగ్రీలు మార్చుకోవచ్చు, మొదట పొడి నానే సమయం పెట్టుకోవచ్చు, చదునైన బుట్ట, కోను బుట్ట రెండూ వస్తాయి. ప్రయోగాలు చేసుకునేవాళ్ళకి సరదా. అల్లుడికి అలాంటి పిచ్చి ఉంటే తప్ప వద్దు. ఆ బొత్తాలు మూడో వారం తర్వాత ఎవరూ ముట్టరు. ఓక్సో ఎనిమిది కప్పులది ఇద్దరున్న ఇంటికి సరిగ్గా సరిపోతుందని నాకు అనిపిస్తుంది. ఒక్క మగ్గు దించుకోవడానికి వేరే చిన్న బుట్ట ఉంది, ఫ్లాస్కు జగ్గు ఉంది, ధర మోకామాస్టర్‌కన్నా బాగా తక్కువ. ముప్ఫై డాలర్లదాని సంగతి లెక్కలోనే తేలిపోయింది.

పాడ్‌ల మెషీన్ గురించి కూడా అడిగావు. ఆ ప్లాస్టిక్ డబ్బాలో పట్టేది పది గ్రాముల చిల్లర పొడి. నీళ్ళేమో మగ్గు నిండా. గ్రాము లెక్కన చూస్తే మంచి గింజలకన్నా ఖరీదు. వద్దు.

జగ్గు గాజుదా, ఫ్లాస్కుదా అన్నది నువ్వనుకున్నంత చిన్న విషయం కాదు. గాజు జగ్గు కింద వేడి పళ్ళెం ఉంటుంది. చవకవాటిలో నీళ్ళు కాచే హీటరే ఆ పళ్ళేన్నీ కాలుస్తుంది. అరగంట దాటితే కాఫీ కాలిన వాసన, చేదు. మోకామాస్టర్‌లో పళ్ళేనికి వేరే హీటరు ఉంది, 80, 85 డిగ్రీల దగ్గర ఉంచుతుంది, నూరు నిమిషాలకి దానంతటదే ఆరిపోతుంది. అయినా పొద్దున దించింది పదింటికి తాగే ఇల్లయితే ఫ్లాస్కు జగ్గే మేలు. దాంట్లో ముందు వేడినీళ్ళు పోసి తొలిపి పారబోస్తే కాఫీ ఇంకాస్త ఎక్కువసేపు వేడిగా ఉంటుంది. దాని మూత సందుల్లో జిడ్డు పడుతుంది, వారానికోసారి బ్రష్షు పెట్టి తోమాలి. తోమే ఓపిక లేకపోతే గాజుదే కొను, దించగానే తాగెయ్యండి.

కప్పుల లెక్క దగ్గర మోసపోకు. ఇక్కడ మెషీన్ కప్పు అంటే అయిదు ఔన్సులు, నూటయాభై మిల్లీలీటర్లకి రెండు చుక్కలు తక్కువ. ఒకటి రెండు కంపెనీలు ఇంకా చిన్న కప్పు లెక్కిస్తాయి. అల్లుడి ఆఫీసు మగ్గు దానికి రెండింతలుంటుంది. కాబట్టి ఎనిమిది కప్పులంటే మీ ఇద్దరికీ తలా రెండు మగ్గులు. చిత్రం ఏంటంటే, వాళ్ళ మెషీన్ కప్పు మన ఇంటి గ్లాసుకే దగ్గర. చుట్టాలొస్తారని 12 కప్పులది కొనకు. పెద్ద బుట్టలో కొద్ది పొడి వేస్తే పొర పలచనై నీళ్ళు గబుక్కున జారిపోతాయి. చుట్టాలొచ్చిన రోజు రెండుసార్లు దించుకో.

డబ్బు మిగిల్చినచోట మిగిల్చి, గ్రైండరు మీద పెట్టు. మిక్సీలో కొట్టిన గింజలు కొన్ని పిండి, కొన్ని పలుకులు. పిండి చేదిస్తుంది, పలుకు ఏమీ ఇవ్వదు. పళ్ళ చక్రాల గ్రైండరు కావాలి, బర్ గ్రైండర్ అని అడిగితే ఇస్తారు. పొడి బొంబాయి రవ్వలా ఉండాలి, వేళ్ళ మధ్య నలిపితే తెలియాలి. విశాఖ నుంచి ఎవరైనా వస్తుంటే అరకు కాఫీ తెప్పించుకో, వేయించిన గింజలుగానే, పొడిగా వద్దు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లుడికి నచ్చుతుంది, పాలు లేకుండా తాగితేనే దాని రుచి తెలుస్తుంది. కాగితం ఫిల్టర్‌ని ముందు వేడినీళ్ళతో తడిపి పారబోస్తే కాగితం వాసన పోతుంది. స్టీలు జల్లెడ ఫిల్టర్ డబ్బు ఆదా అంటారు గానీ, కొలెస్టరాల్ పెంచే కాఫీ నూనెలు దాంట్లోంచి దిగిపోతాయి. కాగితం వాటిని పట్టేస్తుంది. మీ బాబాయికి కొలెస్టరాల్ ఉంది కనుక మా ఇంట్లో కాగితమే.

నువ్వుండేది చాండ్లర్లో కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను: ఫీనిక్స్ చుట్టుపక్కల నీళ్ళు చాలా గట్టివి. కొలరాడో, సాల్ట్ నదుల నీళ్ళు సున్నం మోసుకొస్తాయి. ఆ సున్నం సన్న గొట్టంలో పేరుకుంటే హీటరు ఎంత బలమైనదైనా నీరు నెమ్మదిస్తుంది. ఫ్రిజ్ ఫిల్టర్ క్లోరిన్ వాసన తీస్తుంది, సున్నాన్ని కాదు. నెలకోసారి లీటరు నీళ్ళలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి మెషీన్‌లో పోసి నడుపు. సగం దిగాక ఆపి ఓ పావుగంట ఉంచు, మళ్ళీ నడుపు, ఆ తర్వాత రెండుసార్లు ఒట్టి నీళ్ళు. వెనిగర్‌తోనూ చేయొచ్చు గానీ ఆ వాసన ఓ పట్టాన వదలదు. డిస్టిల్డ్ వాటర్ పోస్తే సున్నం గొడవ ఉండదని ఎవరైనా చెప్తే వినకు, ఆ కాఫీ చప్పగా ఉంటుంది.

మెషీన్ నడిచేటప్పుడు అదే ప్లగ్గు లైను మీద మైక్రోవేవ్ పెట్టకు, బ్రేకర్ పడిపోతుంది. మీ అమ్మ మీ ఇంటికొచ్చి వెళ్ళేటప్పుడు "ఇలాంటిది నాకూ ఒకటి" అంటుంది, అక్క సంగతి నాకు తెలుసు. ఇక్కడి మెషీన్ 120 వోల్టులది. విజయవాడలో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ పూటే మాడిపోతుంది. 1500 వాట్లకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్ళడం కన్నా అక్కడే 230 వోల్టులది కొనివ్వడం తేలిక. అయినా మీ అమ్మకి ఫిల్టర్ డికాషన్ తప్ప గొంతు దిగదు. నాలుగు పొట్లాల ఫిల్టర్ కాగితాలు ఇచ్చి పంపితే వాటితో నూనె వడకట్టుకుంటుంది.

టైమరు పెట్టి రాత్రే పొడి వేసి పడుకునే మెషీన్ల మీద నాకు మోజు లేదు. పొడి రాత్రంతా గాలికి ఉంటే వాసన పోతుంది. మీలో ఎవరికైనా తెల్లారగట్ల డ్యూటీ పడితే అప్పుడు చూద్దాం.

నా మాట అడిగితే, ఓక్సో ఎనిమిది కప్పులది, మంచి గ్రైండరు, గ్రాములు చూపే వంటింటి త్రాసు. ఈ మూడూ కలిపినా మోకామాస్టర్ ధరకి అటూ ఇటూగా వస్తాయి. మెషీన్, గ్రైండరు నవంబరు చివర బ్లాక్ ఫ్రైడేకి తగ్గుతాయి, అప్పటిదాకా ఆగు. త్రాసు మాత్రం ఈ వారమే కొని, నీ ఫిల్టర్లో నువ్వు రోజూ వేసే పొడి ఎన్ని గ్రాములో, పోసే నీళ్ళు ఎన్నో తూచి నాకు రాయి.

మీ పిన్ని