“లేదు” అని నిరూపించగలమా?

“ఉంది అని చూపించవచ్చు గానీ, లేదు అని నిరూపించలేం” అనే మాట మనం తరచుగా వింటుంటాం. డిగ్రీ, పి.జి. ప్రాజెక్టులు రాయబోయే మన హాస్టల్ విద్యార్థులు ఈ మాటలో నిజమెంతో తెలుసుకోవాలి.

గణితంలో ఈ మాట చెల్లదు. √2 అకరణీయ సంఖ్య కాదని మనం పదో తరగతిలోనే నిరూపిస్తాం. అది అకరణీయమే అనుకుని, 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని భిన్నంగా రాస్తే, చివరకు లవ హారాలు రెండూ సరిసంఖ్యలేనని తేలుతుంది. అంటే 2 వాటికి ఉమ్మడి కారణాంకం అయింది. అనుకున్నది తప్పింది కనుక “కాదు” అనేది రుజువైంది.

హద్దులు తెలిసిన చోట కూడా ఇబ్బంది లేదు. గదిలో ఎవరూ లేరని చెప్పాలంటే తలుపు తీసి చూస్తే చాలు. హద్దు అడవి అంత పెద్దదైతేనే చిక్కు.

కలివికోడి సంగతి చూడండి. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత దశాబ్దాల పాటు శాస్త్రజ్ఞులకు కనిపించలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో, స్థానికుల సాయంతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని తిరిగి కనుగొన్నారు. రాత్రివేళ పొదల మధ్య తిరిగే పక్షి పగటి వెదుకులాటకు దొరకడం కష్టం. “కనిపించలేదు” వేరు, “లేదు” వేరు. ఉంటే తప్పక కనిపించేంతగా వెదికామా అన్నదే అసలు ప్రశ్న.

మన పల్నాడులో ఇది తాగునీటి సమస్య. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. ఒక బోరు నీరు బాగుందని “ఊళ్ళో ఫ్లోరైడ్ సమస్య లేదు” అని రాస్తే, పక్క బోరు నీరు తాగే పిల్లల పళ్ళు, ఎముకలు దెబ్బతినవచ్చు. “ఊళ్ళోని అన్ని బోర్లనూ ఫలానా నెలలో పరీక్షించాం, ఎక్కడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించలేదు” అని రాస్తే అది నిలబడే మాట.

అందరినీ పరీక్షించలేనప్పుడు లెక్క సాయం చేస్తుంది. మండలంలో లాటరీ పద్ధతిన ఎంచుకున్న 300 మంది పిల్లల్లో ఒక్కరికీ పళ్ళ మచ్చలు లేవనుకుందాం. అప్పుడు “ఎవరికీ లేవు” అనకూడదు. 3ను 300తో భాగిస్తే 1 శాతం. మచ్చలున్నవారు అంతకు మించరని 95 శాతం విశ్వాసంతో చెప్పవచ్చు.

కాబట్టి మిత్రులారా, “లేదు” అని రాసే ముందు ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎంతమేర వెదికామో రాద్దాం. ఆ నాలుగూ ఉన్నప్పుడే మన “లేదు”కు విలువ.