తాళం వేసిన ఇళ్ళను వదలకు

విజయవాడ

చి. బుజ్జికి,

మున్సిపల్ సేవల మీద ఇంటింటి సర్వే నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఈ ఎండలో తిరుగుతున్నావట. మజ్జిగ సీసా లేకుండా గడప దాటకు.

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చూశాను. ‘నీటి సరఫరాపై సంతృప్తిగా ఉన్నారా?’ ఇదేం ప్రశ్నే తల్లీ! నిన్ను కోప్పడటం లేదులే, అది రాసింది నువ్వు కాదుగా. కానీ గుమ్మంలో నిలబడ్డ వార్డు సచివాలయం అమ్మాయితో ‘లేదు’ అని ఎవరంటారు? రేపు పింఛను పని మీద మీ ఆఫీసుకే రావాలి. ‘బాగానే ఉందమ్మా’ అనేసి పంపిస్తారు. నిన్న కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు వచ్చింది, ఎన్ని బిందెలు నిండాయి అని అడుగు. అదీ నీళ్ళు పట్టే మనిషినే అడుగు. వీటికి జవాబు చెప్పడానికి మొహమాటం అడ్డురాదు.

2001 జనాభా లెక్కలకు మా టీచర్లనే వేశారు. మొగల్రాజపురం కొండ మెట్లెక్కి పగలు వెళ్తే తాళాలే కనిపించేవి. పనులకు వెళ్ళినవాళ్ళు చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. ఒక్క ఇల్లూ వదలకూడదు కాబట్టి మళ్ళీ ఎక్కేవాళ్ళం. మీ సర్వేలో ఆ నిర్బంధం లేదు, తాళం ఉంటే పక్కింటికి వెళ్ళిపోవచ్చు. నాకు భయమంతా అక్కడే. పగలు ఇంట్లో ఉండేవాళ్ళ మాటే వార్డు మాట అయిపోతుంది. నీళ్ళు ఎక్కని కొండ మీది ఇళ్ళు లెక్కలోకే రావు. సాయంత్రాలు వెళ్ళు, ఆదివారం వెళ్ళు. ఒంటరిగా మాత్రం వద్దు.

సరిగ్గా అడిగితే ఏమవుతుందో చెబుతాను విను. బెంగళూరులో శామ్యూల్ పాల్ గారని, అహ్మదాబాద్ ఐఐఎంకి డైరెక్టరుగా చేసినాయన, 1994లో జనం చేత సర్కారు ఆఫీసులకు ప్రోగ్రెస్ కార్డు ఇప్పించారు. పని కోసం ఎన్నిసార్లు తిరిగారు, లంచం ఇచ్చారా అని సూటిగా అడిగించారు. బస్తీల వాళ్ళను విడిగా అడిగారు. ఫలితాలు పేపర్లకెక్కాయి. 1999లో మళ్ళీ అడిగితే మార్పు కొద్దిగానే కనిపించింది. 2003లో మూడోసారి అడిగేసరికి చాలా సేవలు బాగుపడ్డాయి. అడిగింది ఆ ఆఫీసుల వాళ్ళు కాదు, బయటివాళ్ళు. నీకు ఆ వెసులుబాటు లేదు, నిజమే. కనీసం కుళాయిల గురించి అడగడానికి నీళ్ళు వదిలే మున్సిపల్ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళకు.

ఇంకోమాట. టార్గెట్ పూర్తి చేయమని పైనుంచి ఫోన్లు వస్తాయి. ఎవరి ఫోనూ అడిగి తీసుకుని, ఓటీపీ చెప్పించుకుని, వాళ్ళ బదులు జవాబులు నువ్వే నొక్కకు. తక్కువ ఇళ్ళు చేశావని తిడితే పడు, నా బంగారం. ఆ తిట్టు నీ ఉద్యోగం తీసేయదు.

సర్వే అయ్యాక వీధివారీగా ఏం తేలిందో సచివాలయం గోడకు అంటించవచ్చా అని మీ కమిషనర్ గారిని అడుగు. ఒప్పుకోకపోతే వాదించకు, ప్రొబేషన్‌లో ఉన్నావు. ఆరు నెలలు పోయాక అవే ఇళ్ళకు వెళ్ళి అవే ప్రశ్నలు అడిగి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూపించు. కొండకు ఏ ఆదివారం వెళ్తావో ముందే చెప్పు, మీ పెదనాన్నను తోడు పంపిస్తాను.

మీ పెద్దమ్మ