గిలియడ్ చట్టమూ, మన ఇంటి సంతకమూ

నవలల మీద వ్యాసాలు రాయవలసింది తెలుగు, ఇంగ్లీషు శాఖల వాళ్లు. రసాయనశాస్త్రం చదివేదానికి ఇందులో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. నిజానికి ఇది నవలను గూర్చిన వ్యాసం కాదు. ఆ నవలను తెర మీద చూస్తున్నంతసేపూ నాకు మా ఊరి పొలాల లెక్కలు ఎందుకు గుర్తుకు వచ్చాయో చెప్పడమే నా ఉద్దేశం.

మార్గరెట్ ఆట్‌వుడ్ అనే కెనడా రచయిత్రి 1985లో ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ అనే నవల ప్రచురించారు. 2017లో అది టెలివిజన్ సీరియల్‌గా మొదలై, ఆరు సీజన్లు నడిచి 2025లో ముగిసింది. మా హాస్టల్లో ఒకే లాప్‌టాప్ ముందు ఆరుగురం కూర్చుని చూశాం. కథ క్లుప్తంగా ఇదీ. పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోయిన కాలంలో ఒక మతవర్గం అమెరికా ప్రభుత్వాన్ని కూలదోసి గిలియడ్ అనే రాజ్యం పెడుతుంది. పిల్లల్ని కనగల ఆడవాళ్లను పట్టుకుని, ఎర్రబట్టలు తొడిగి, పెద్ద అధికారుల ఇళ్లకు పంపుతారు, కేవలం వాళ్లకు పిల్లల్ని కని ఇవ్వడానికి. కథానాయిక పేరు జూన్. ఎలిజబెత్ మాస్ అనే నటి ఆ పాత్ర వేసింది. గిలియడ్‌లో ఆమెను జూన్ అని ఎవరూ పిలవరు. యజమాని పేరు ఫ్రెడ్ గనుక, ‘ఫ్రెడ్ తాలూకు మనిషి’ అనే అర్థం వచ్చేటట్టు ‘ఆఫ్‌ఫ్రెడ్’ అంటారు. ఇల్లు మారితే పేరూ మారుతుంది. ఆడది చదవకూడదు, రాయకూడదు. అంగళ్ల మీద అక్షరాలకు బదులు బొమ్మలుంటాయి.

ఈ నవల రాసేటప్పుడు రచయిత్రి ఒక నియమం పెట్టుకున్నారు. చరిత్రలో ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు జరగనిది ఏదీ పుస్తకంలో పెట్టకూడదని. ప్రయోగశాలలో పని చేసేవాళ్లకు ఈ నియమం వెంటనే నచ్చుతుంది. అంటే అది ఊహ కాదన్నమాట, నమూనాల సేకరణ. మరి ఆ నమూనాలు మన దగ్గర లేవా అని వెతికితే, దూరం పోనక్కరలేదు.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం చేయించేనాటికి, భర్త పోయిన అగ్రవర్ణపు పిల్ల సంగతి ఏమిటి? జుట్టు తీసేసేవారు. కట్టుబట్ట మారిపోయేది. ఎదురువస్తే అపశకునం. అమ్మానాన్నా పెట్టిన పేరు పోయి నోటికొచ్చిన తిట్టే పేరయ్యేది. పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు, చదువుకున్న ఆడది చెడిపోతుందని నమ్మినవాళ్లు తక్కువేమీ కాదు. పక్క జిల్లా లెక్క గురజాడ అప్పారావు గారు ‘కన్యాశుల్కం’ మొదటి ముద్రణ (1897) పీఠికలో ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034 అని తేలింది. వాటిలో పెళ్లికూతుళ్లు అయిదేళ్ల వాళ్లు 99 మంది, ఏడాది వాళ్లు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. ఇంటర్మీడియట్‌లో ‘కన్యాశుల్కం’ ఘట్టం చదివి గిరీశం మాటలకు నవ్వుకున్నామే గాని, ఈ అంకెలు మాకెవరూ చెప్పలేదు.

నవల చివర ఒక తమాషా ఉంది. గిలియడ్ ఎప్పుడో అంతరించిపోయింది. 2195లో పండితులు సదస్సు పెట్టి, దొరికిన కథ మీద ఉపన్యాసాలిస్తూ మధ్య మధ్య ఛలోక్తులు విసురుతారు, సభలో నవ్వులు. వీరేశలింగం గారి సంఘసేవ మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మన సంగతీ ఇంచుమించు అంతే. అదంతా అయిపోయిందని అనుకుంటాం.

నన్ను పట్టుకున్నది ఎర్రబట్టలు కావు, ఉరికొయ్యలు కావు. మొదటి సీజను మూడో భాగంలో ఒక చిన్న ఘట్టం. గిలియడ్ ఇంకా రాలేదు. జూన్, ఆమె స్నేహితురాలు మొయిరా కాఫీ తాగడానికి వెళతారు. జూన్ కార్డు చెల్లదు. ఖాతాలో డబ్బున్న మనిషి, ఏదో యంత్రం పొరపాటనుకుంటుంది. ఆ తరువాత ఆఫీసులో ఆడవాళ్లందరినీ ఒక్కసారిగా పంపించేస్తారు, బయట తుపాకులవాళ్లు నిలబడి ఉంటారు. సాయంత్రానికి సంగతి తెలుస్తుంది. ఇకమీదట ఆడదాని పేరున ఆస్తి గాని, ఖాతా గాని ఉండకూడదు. డబ్బంతా భర్తకో, దగ్గరి మగ బంధువుకో పోతుంది. జూన్ భర్త ల్యూక్ మంచివాడు. భార్యంటే ప్రాణం. అతను ఓదార్పుగా, నిన్ను నేను చూసుకుంటాను గదా అన్న అర్థం వచ్చే మాట అంటాడు. మొయిరాకు ఒళ్లు మండుతుంది.

సంక్రాంతి సెలవులలో ఇంటి దగ్గర ఈ భాగమే మళ్లీ చూస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇంగ్లీషు రాదు గనుక ఏం జరుగుతోందో చెప్పమంది. చెప్పాను. కాసేపు ల్యూక్ ముఖం చూసి, “కుర్రాడు మంచోడేనే. చూసుకుంటానంటన్నాడు కదా, ఆ పిల్లకి కోపం దేనికి?” అంది.

ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

అమ్మకు ముగ్గురు అన్నదమ్ములు. పెళ్లయిన రెండో ఏట అమ్మమ్మ గారి ఊరి నుంచి కబురు వచ్చింది. వెళ్లి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి, పెట్టిన చీర కట్టుకుని, భోంచేసి తిరిగి వచ్చింది. పెద్దమావయ్య ఆ రోజు అన్న మాట ఆవిడకు ఇప్పటికీ జ్ఞాపకమే: “మేం లేమా అమ్మాయీ నీకు!” వాళ్లు లేకపోలేదు. ఏటా సార్వా కోతలయ్యాక బియ్యం బస్తాలు వస్తాయి. నాన్నకు ఆపరేషనైనప్పుడు మావయ్య వారం రోజులు ఆస్పత్రిలోనే పడుకున్నాడు. మావయ్య చెడ్డవాడైతే నాకు ఈ వ్యాసం రాయడం చాలా తేలికయ్యేది. కాని అమ్మ పేరున భూమి లేదు. అడగకుండా వచ్చే బియ్యం ఉంది, అడిగే హక్కు లేదు. రెండిటికీ తేడా ఏమిటో బియ్యం రాని ఏడు వస్తేగాని తెలియదు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి. మన విద్యార్థినులలో చాలామందికి తెలియదని మా తరగతిలో అడిగి చూశాకే చెబుతున్నాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇచ్చింది గాని, తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది. అంటే పంపకంలో కొడుకు ముందు తన వాటా తీసేసుకుంటాడు. మిగిలిన తండ్రి వాటాలోనే, ఆయన పోయాక, కూతురికి ముక్క. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ దీన్ని సవరించింది. 1986లో చేసిన ఆ చట్టాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఆట్‌వుడ్ నవల వచ్చిందీ 1985లోనే! అక్కడ ఒక రచయిత్రి ఆడవాళ్ల ఖాతాలన్నీ ఒక్క రోజులో మూసేసినట్టు కథ రాసిన ఏడే, ఇక్కడ ఒక శాసనం ఆడపిల్లల ఖాతా తెరిచింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయినవాళ్లకు వర్తించదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ దేశమంతటికీ వచ్చింది, పెళ్లి షరతు పోయింది. తండ్రి ఆ తేదీ నాటికి బతికి ఉండనక్కరలేదని, కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది.

ఇప్పుడు మా ఇంట్లోనే నమూనాలు చూడండి. నానమ్మ పెళ్లి 1985కి చాలా ముందే అయింది గనుక ఆ సవరణ ఆవిడకు అందలేదు. అమ్మకు అందింది, సంతకం పెట్టి తిరిగి ఇచ్చేసింది. అక్కకూ నాకూ పుట్టుకతోనే ఉంది. పరీక్షనాళికలో మూడుసార్లు కారకం మార్చాం, అవక్షేపం మాత్రం అదే రంగు. గిలియడ్‌లో చట్టం లాక్కుంటే ఇల్లు ఏడ్చింది. మన దగ్గర చట్టం ఇస్తే ఇల్లు మెల్లగా, పసుపు కుంకుమ పెట్టి మరీ, వెనక్కి పుచ్చుకుంటోంది. అందుకు తుపాకులు అవసరం కాలేదు. ల్యూక్ లాంటి మంచివాళ్లు చాలు.

దీనికి ఊళ్లో చెప్పే జవాబులు నాకు తెలుసు. ఆడపిల్లకు కట్నం రూపేణా ఇచ్చేశాం కదా అంటారు. కట్నం 1961 నుంచీ నేరం. నేరాన్ని పంపకం లెక్కలో జమ వేసుకోవడం ఏ ఆడిటరూ ఒప్పుకోడు. పైగా ఆ డబ్బు పిల్ల చేతికి రాదు, వియ్యంకుడి చేతికి పోతుంది. రెండో జవాబు ముక్కలైపోతుందని. ఇది అంత తీసిపారేసేది కాదు. మాకున్నది రెండెకరాల డెబ్బయి సెంట్లు. బోదె కింద పొలం, సార్వా దాళ్వా రెండూ పండుతాయి. దాన్ని మూడు చేస్తే ట్రాక్టరు తిరగడానికే చోటుండదని నాన్న బాధ. నిజమే. కాని ముగ్గురు అన్నదమ్ములు గట్లు వేసుకున్నప్పుడు ట్రాక్టరు సంగతి ఎవరూ ఎత్తరేం?

సీరియల్‌లో ఆకుపచ్చ బట్టల మార్తాలుంటారు, వంటకూ ఇంటి చాకిరీకీ. వాళ్లను చూసి మేమెవరం ఆశ్చర్యపోలేదు. కోనసీమ నుంచీ పశ్చిమగోదావరి నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరు మాకు తెలిసి తక్కువ. యజమాని పూచీ మీదనే అక్కడ ఉండనిచ్చే పద్ధతి గనుక, ఆయన వదలకపోతే ఇల్లు మారడం కుదరదు. మా వీధిలో ఒకావిడ పదకొండేళ్లు అలా చేసి ఎకరం కొంది. కొన్నది ఆవిడ డబ్బుతో. పట్టాదారు పాసుపుస్తకంలో ఫొటో మాత్రం భర్తది. “ఆయనే కదా ఇక్కడుండి తిరిగింది” అంటుందావిడ, ఏమాత్రం కోపం లేకుండా.

అక్క పెళ్లి వైశాఖానికి కుదిరింది. ఈలోగా దస్తావేజు లేఖరి రాసిచ్చిన కాగితాలు ఇంటికి వచ్చాయి. అక్క పేరూ, మేజరును గనుక నా పేరూ రాసి, మా వాటా తమ్ముడికి వదులుకుంటున్నట్టు. మొదటి పేజీలోనే ఉంది: ఇతరుల ఒత్తిడి గాని ప్రోద్బలం గాని లేకుండా, మా మనస్ఫూర్తిగా అని. గిలియడ్‌లో కూడా జూన్‌తో, ఇది నువ్వు ఎంచుకున్నదే అంటారు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం, వాడికి ఈ గొడవే తెలియదు. నేను చట్టం సంగతి ఎత్తితే నాన్న కోప్పడలేదు. “నా మీద నమ్మకం లేదా అమ్మా?” అని మాత్రం అన్నారు. నమ్మకం ఉంది. దానికీ కాగితానికీ సంబంధం ఏమిటని అడగడం నాకు చేతకాలేదు.

అక్క ఏమీ మాట్లాడలేదు. కాగితాలు తీసుకుని, నాన్న ఎదురుగానే అరుగు మీద కూర్చుని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. సాధారణంగా ఎవరూ చదవరు, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తారు. నాలుగు పేజీలు చదవడానికి అరగంట పట్టింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మూడో పేజీలో సర్వే నంబరు తప్పు పడిందని అక్కే చూపించింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని పాసుపుస్తకంతో సరిచూశారు, తప్పే. మళ్లీ రాయించాలి. ఈసారి రాయించేముందు నన్ను అడగండి అంది అక్క. కాగితాలు ప్రస్తుతం బీరువాలో ఉన్నాయి.