తేటనీరు వేరు, శుద్ధజలము వేరు

చరకసంహిత విమానస్థానములో జనపదోద్ధ్వంసనీయమను అధ్యాయము కలదు. ప్రకృతి, ఆహారము, వయస్సు వేరువేరుగా ఉన్న జనులందరు ఏకకాలమున ఒకే వ్యాధికి ఎట్లు గురియగుదురన్న సందేహమునకు, వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును చెడుటయే కారణమని ఆత్రేయుడు సమాధానమిచ్చినాడు. ఈ నాలుగింటిలో జలము నేటి నగరవాసి వంటయింటికి గొట్టముల ద్వారా నడచి వచ్చుచున్నది.

1955 చివరలో ఢిల్లీ నగరమున జరిగిన సంఘటన ఇందుకు గొప్ప ఉదాహరణము. వరదల అనంతరము యమున ప్రవాహము మారుటచే నజఫ్‌గఢ్ మురుగుకాలువ నీరు వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడు చోటికి చేరినది. అధికారులు క్లోరిన్ మోతాదు పెంచినారు. టైఫాయిడ్, విరేచనములు పెచ్చుపెరుగలేదు. కాని కొద్ది వారములలో సుమారు 29,000 మందికి పచ్చకామెర్లు సోకినవి. క్లోరిన్‌కు సూక్ష్మజీవులు లొంగినవి గాని వైరస్ లొంగలేదు. ఆ వైరస్‌నే తరువాతి కాలమున హెపటైటిస్-ఇ అని గుర్తించినారు.

నీరు తోడు చోట అంతా సక్రమముగా ఉన్నను దారిలో చెడవచ్చును. మన నగరములలో కుళాయి రోజంతయు రాదు. హైదరాబాదులోని అనేక పేటలకు దినము విడిచి దినము వచ్చును. గొట్టము నిండుగా ఉన్నంతసేపు ఒత్తిడి లోపలినుండి వెలుపలికి తోయును. అతుకు వదులైనను నీరు కారిపోవునే గాని మురుగు లోనికి రాదు. సరఫరా ఆగగానే గొట్టము ఖాళీయగును. ప్రక్కనే పగిలిన డ్రైనేజి ఉన్నచో ఆ అతుకు గుండానే మురుగు లోనికి జారును. ఇక కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి నీరు లాగుచుందురు. అది నీటితోపాటు చుట్టుప్రక్కల మురుగును గూడ పీల్చును. తన ఇంటికే గాక వీధి కంతటికి చేయు అపకారమిది. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను కలుషితమైన కుళాయినీటి వలన పలువురు ప్రాణములు కోల్పోయినారు.

కావున కుళాయి రాగానే మొదట వచ్చు నీటిని త్రాగుటకు పట్టరాదు. కొన్ని నిమిషముల నీటిని మొక్కలకో మరుగుదొడ్డికో వాడుకొనవలెను. సంపు మూత నేలమట్టమునకు ఎత్తుగా ఉన్నదో లేదో చూచుకొనవలెను.

మన పెద్దలు బురదనీటిలో చిల్లగింజ అరగదీసి కలిపెడివారు. సుశ్రుతుడు కలుషజలమును తేర్చు ఏడు సాధనములలో ఈ కతకమును మొదట చెప్పినాడు. గింజ గంధము మట్టిరేణువులను కూడగట్టి అడుగునకు దింపును. పటిక చేయు పనియు ఇదియే. అయితే తేరినంత మాత్రమున నీరు నిర్దోషమైనదని తలచుట ప్రమాదకరము. సుశ్రుతుడు చెడిన నీటికి అగ్నిపై కాచుటను ప్రత్యేకముగా చెప్పుటలోని అంతరార్థమిదియే. ముందు తేర్చి, వడగట్టి, పిదప కాచవలెను. ఆవిరి వచ్చినంతనే దింపరాదు. సలసల మరిగిన పిదప ఒక నిమిషమైనను ఉంచవలెను. చల్లారిన నీటిని మూతగల పాత్రలో పోసి, చేయి ముంచకుండ కాడగల గరిటెతో తీసుకొనవలెను. ఏ పూటకాపూట కాచుకొనుట మరింత మేలు.

రాగిబిందె గురించి పాఠకులు తరచుగా అడుగుచుందురు. రాగిపాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో కలరా మొదలగు వ్యాధుల సూక్ష్మజీవులు నశించినట్లు 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపినది. మంచిదే. కాని కామెర్ల వైరస్ విషయమున రాగిని నమ్ముకొని కాచుట మానరాదు. నిమ్మరసము, మజ్జిగ వంటి పులుపు పదార్థములను రాగిలో ఉంచరాదు.

వీధిలో కామెర్లు కనబడినచో గర్భిణీస్త్రీల విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. హెపటైటిస్-ఇ ఇతరులలో చాలవరకు తనంతట తగ్గునది, నిండునెలలు సమీపించిన గర్భిణికి ప్రాణాంతకము కావచ్చును. ఆమె పండ్లు తోముకొనుటకు, పుక్కిలించుటకు సైతము కాచిన నీరే ఇవ్వవలెను. కండ్లు పచ్చబడినను, మూత్రము ముదురు పసుపైనను నేలఉసిరి రసముతో కాలము గడపక ఆ దినమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.